గల్లా పెట్టెతో మొదలెట్టిన ఫైనాన్స్ క్లాసు: గుంటూరులో ఒక కర్రీ పాయింట్ కేస్ స్టడీ

చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ళకి ఫైనాన్స్ నేర్పాలంటే అకౌంటింగ్ సూత్రాల జోలికి పోకుండా ముందు వాళ్ళ గల్లా పెట్టె దగ్గర మొదలెట్టాలని నా అభిప్రాయం. గుంటూరులో మేం నడిపిన ఒక బ్యాచ్, అందులో ముఖ్యంగా ఒక కర్రీ పాయింట్ లెక్కలు ముందుపెట్టుకుని ఎందుకలా అంటున్నానో చెప్తాను. మనుషులు తెలిసిపోకుండా కొన్ని వివరాలు మార్చాను, అంకెలు రౌండ్ చేశాను, కూడితే మాత్రం సరిగ్గానే వస్తాయి, కావాలంటే కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని చదవండి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. బ్యాంకులో చాలాకాలం చిన్న లోన్ల ఫైళ్ళు చూశాను, బయటికొచ్చాక ఒక ట్రస్టు వాళ్ళు పెద్దవాళ్ళ కోసం పెట్టిన బిజినెస్ మేనేజ్‌మెంట్, ఫైనాన్స్ బేసిక్స్ కోర్సులో క్లాసులు చెప్తున్నాను. పది వారాలు, వారానికి రెండు క్లాసులు, ఫీజు నామమాత్రం, చివర్లో ఒక సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించి కొట్లో దేవుడి పటాల పక్కన పెట్టుకున్నవాళ్ళున్నారు, చదువు మానేసి పాతికేళ్ళయినవాళ్ళకి అదేం తక్కువ విషయం కాదు.

ట్రస్టు వాళ్ళు ఇచ్చిన సిలబస్ అచ్చం డిగ్రీ ఫస్టియర్ పుస్తకం లాగే ఉంది. మొదటి వారం మేనేజ్‌మెంట్ నిర్వచనాలు, ఫయోల్ గారి 14 సూత్రాలు, తర్వాత డెబిట్ క్రెడిట్ రూల్స్, జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్, ఆఖరి వారంలో రేషియోలు. ఫయోల్ మీద నాకేం కోపం లేదు, ఆయన ఫ్రాన్స్‌లో గనుల కంపెనీ ఏళ్ళ తరబడి నడిపి ఆ అనుభవంతో 1916లో రాసిన మాటలవి, కానీ ఇద్దరు పనివాళ్ళున్న కూరల కొట్టుకి యూనిటీ ఆఫ్ కమాండ్ అంటే మొగుడొకటి చెప్పి పెళ్ళాం ఇంకోటి చెప్తే పనిమనిషి ఎవరి మాట వినాలి అన్నదే (నిజానికి అది పనికొచ్చే పాయింటే, దాని మీద ఒక క్లాసు మంచి గొడవ కూడా జరిగింది). నేను సిలబస్ వరస తిప్పేస్తానని ట్రస్టు వాళ్ళకి ముందే చెప్పాను. వాళ్ళు రుజువేంటి అన్నారు.

రుజువు ఉంది. డొమినికన్ రిపబ్లిక్‌లో అడోపెమ్ అనే మైక్రోఫైనాన్స్ బ్యాంకు ఖాతాదారుల మీద చేసిన ఒక పరిశోధన 2014లో అచ్చయింది, చిన్న వ్యాపారుల్లో కొందరికి మామూలు అకౌంటింగ్ నేర్పారు, కొందరికి ఊరికే నాలుగు మోటు సూత్రాలు చెప్పారు, ఇంకొందరికి ఏమీ నేర్పలేదు. ఆ మోటు సూత్రాల్లో ఒకటేంటంటే కొట్టు డబ్బు ఒక సొరుగులో, ఇంటి డబ్బు ఇంకో సొరుగులో పెట్టుకోమని, ఇంటికి కావాల్సింది జీతంలా తీసుకోమని. అకౌంటింగ్ నేర్చుకున్న గుంపులో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు, సొరుగుల గుంపులో లెక్కలు రాసే అలవాటు, డబ్బు పట్ల జాగ్రత్త మెరుగయ్యాయి. మన దగ్గర డ్వాక్రా మీటింగుల్లో పుస్తకాలు రాసే ఆడవాళ్ళని చూసినవాళ్ళెవరికీ ఇది ఆశ్చర్యంగా ఉండదు, వాళ్ళకి లెక్క రాక కాదు, ఇంటి ఖర్చూ కొట్టు ఖర్చూ ఒకే కొంగుముడిలో ఉండటం వల్ల లెక్క తేలదు.

ఇక బ్యాచ్ సంగతి. ఇరవై మంది లోపు, అందులో సగం పైన ఆడవాళ్ళు, వయసు ముప్పై నుంచి అరవై దాకా. కర్రీ పాయింట్ ఆవిడ, ఒక కిరాణా కొట్టు ఆయన, మగ్గం వర్క్ బ్లౌజులు కుట్టించే ఆవిడ, మొబైల్ రిపేర్ కుర్రాడు, పాల బూత్ ఆయన, ఇంకా వ్యాపారం మొదలెట్టని ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఇలా. ప్రతి జిల్లాలో బ్యాంకులు నడిపే ఆర్‌సెటీలు (స్వయం ఉపాధి నేర్పే శిక్షణ కేంద్రాలు) ఉన్నాయి కదా, అక్కడికి వెళ్ళొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. 1982లో కర్ణాటకలో ఉజిరెలో పెట్టిన రుడ్‌సెటీ నమూనా మీద వచ్చినవి అవి, కొత్తగా మొదలెట్టే కుర్రకారుకి చాలా మంచివి, ఉచితంగా నేర్పుతారు, అక్కడే ఉంచుకుని భోజనం కూడా పెడతారు. కానీ రోజూ షట్టర్ ఎత్తాల్సిన మనిషి వారాల తరబడి కొట్టు మూసి అక్కడికెళ్ళి ఉండలేడు. అందుకే మా క్లాసు మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర. కర్రీ పాయింట్‌కి మధ్యాహ్నం బేరం రెండున్నరకి అయిపోతుంది, సాయంత్రం వంట అయిదుకి మొదలవుతుంది, కిరాణా వాళ్ళు ఎటూ ఆ టైములో ఒక కునుకు తీస్తారు. నెలలో మొదటి అయిదు రోజులు క్లాసు పెట్టం, ఎందుకంటే జీతాలొచ్చే రోజులు, ఖాతా వసూళ్ళు అప్పుడే. అడల్ట్ ఎడ్యుకేషన్ అంటే ముందు ఈ టైం టేబుల్, మిగతా సిద్ధాంతాలన్నీ తర్వాత.

మొదటి వారం పాఠమేమీ లేదు, అందరికీ ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చి నాలుగు గళ్ళు గీయించాను: వచ్చింది, కొట్టుకి పోయింది, ఇంటికి పోయింది, అప్పుకి పోయింది. ఏడు రోజులు రాసుకురమ్మన్నాను. కిరాణా ఆయన చూసి నవ్వాడు, "మా నాన్న చిట్టా, ఆవర్జా రాసేవాడు మేడమ్, దాని ముందు ఇదెంత" అన్నాడు. నిజమే, కానీ నాన్నగారి చిట్టా అటక మీద ఉంది, ఈయన లెక్కంతా బుర్రలో ఉంది.

కర్రీ పాయింట్ ఆవిడ మొదటి వారమే చిక్కులో పడింది. వచ్చింది అనే గడి నింపలేకపోయింది, ఎందుకంటే బేరంలో సగం పైన ఫోన్ స్కాన్ మీద వస్తోంది, కౌంటర్ మీదున్న క్యూఆర్ కోడ్ వాళ్ళబ్బాయి అకౌంట్‌ది. వాడు బీటెక్ మూడో ఏడు, ఆ డబ్బులోంచే పెట్రోలు, రీఛార్జ్, ఫ్రెండ్స్‌తో బిర్యానీ, మధ్యలో అమ్మ అడిగితే కూరగాయలాయనకి కొంత కొడతాడు. వాడేం దొంగతనం చేయట్లేదు, అది ఇంటి డబ్బే అనుకుంటున్నాడు, అమ్మ కూడా అలాగే అనుకుంటోంది. యూపీఐ వచ్చాక చిన్న కొట్లలో గల్లా పెట్టె రెండు ముక్కలైంది, ఒక ముక్క ఎవరి ఫోన్‌లో ఉందో వాళ్ళ చేతిలో ఉంది, ఈ సంగతి మా సిలబస్‌లో ఎక్కడా లేదు. మేనేజ్‌మెంట్ మీద ఆవిడ తీసుకున్న మొదటి నిర్ణయం తన పేరు మీద ఉండి వాడకుండా వదిలేసిన సేవింగ్స్ అకౌంట్‌ని బతికించి, ఆ అకౌంట్ క్యూఆర్ కౌంటర్ మీద పెట్టడం. అబ్బాయి రెండు రోజులు అలిగాడంట.

మూడో వారంలో ఆవిడని బోర్డు దగ్గరికి పిలిచి, నెలకి ఎంత మిగులుతుందండీ అని అడిగాను. "నలభై అయిదు వేలు ఈజీగా" అంది, ఎలా వేసిందో కూడా చెప్పింది. రోజుకి బేరం సగటున 6,000. కూరగాయలకి 1,500, బియ్యం పప్పు నూనె వగైరా కిరాణాకి 1,600 పోగా రోజుకి 2,900. నెలకి 26 రోజులు కొట్టు తీస్తే 75,400. అద్దె 10,000, వంట సాయానికి ఒకామె జీతం 12,000, కౌంటర్ అమ్మాయికి 7,000 తీసేస్తే 46,400. నోటితో వేసిన లెక్క, పైసా తప్పు లేదు. అందుకే అంటున్నా, వీళ్ళకి కూడికలు తీసివేతలు నేర్పాల్సిన పని లేదు.

లెక్కలోకి రానివి ఏంటో నోట్‌బుక్ చూపించింది. కమర్షియల్ గ్యాస్ రోజుకి 480 పడుతోంది, సిలిండర్ నాలుగు రోజులకోసారి కొంటారు కాబట్టి అది రోజు ఖర్చులా కనపడదు. కవర్లు, డబ్బాలు రోజుకి 200. ఈ రెండూ కలిపి నెలకి 17,680. కరెంటు, నీళ్ళు 2,500, చిల్లర మల్లర రిపేర్లు 1,500. మొత్తం 21,680. అది 46,400లోంచి తీసేస్తే మిగిలేది 24,720. క్లాసులో ఎవరూ మాట్లాడలేదు కాసేపు, తర్వాత పాల బూత్ ఆయన "అక్కా, నాది ఇంకా తక్కువ వచ్చుద్దేమో, రేపు నన్ను పిలవమాక" అన్నాడు, అందరూ నవ్వారు.

అక్కడితో ఆపలేదు. ఈ కొట్టు పెట్టకముందు ఆవిడ భర్త కారు డ్రైవర్‌గా నెలకి 15,000 తెచ్చేవాడు, ఆవిడ ఒక హాస్టల్‌లో వంట చేసి 12,000 తెచ్చుకునేది. ఇద్దరిదీ కలిపి 27,000. ఇప్పుడు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఇద్దరూ కొట్లోనే, వస్తున్నది 24,720. అంటే వాళ్ళ పాత జీతాలు కూడా కొట్టు పూర్తిగా ఇవ్వట్లేదు, నెలకి 2,280 తక్కువ. ఓనర్ తన పనికి తను జీతం వేసుకోవాలి అనే పాఠం మామూలుగా అయితే ఒక స్లైడ్‌లో ఒక లైను, ఆ రోజు క్లాసంతా దాని మీదే నడిచింది. ఆవిడ ఊరుకోలేదు, "హాస్టల్లో అయితే వార్డెన్ అరుస్తుంది మేడమ్, ఇక్కడ నన్ను అరిచేవాళ్ళు లేరు, దానికెంత వేస్తారు" అని అడిగింది. నేను ఏ అంకే వేయలేదు, ఆ గడి ఖాళీగానే వదిలేశాం.

బ్రేక్ ఈవెన్ అనే మాట ఆ తర్వాత క్లాసులో వచ్చింది, అప్పటికి దాని అవసరం వాళ్ళకే తెలిసింది. బేరం 6,000లో సరుకు, గ్యాస్, కవర్లు కలిపి 3,780 పోతే మిగిలేది 2,220, అంటే రూపాయికి 37 పైసలు. అద్దె, జీతాలు, కరెంటు, చిల్లర కలిపి నెలకి 33,000 బేరం ఉన్నా లేకపోయినా కట్టాలి. 33,000ని 0.37తో భాగిస్తే దాదాపు 89,200, అంటే రోజుకి 3,430 బేరం అయితే కొట్టు నష్టం లేకుండా నిలబడుతుంది. మొగుడూ పెళ్ళాల జీతం 27,000 కలిపితే 60,000, దాన్ని 0.37తో భాగిస్తే దాదాపు 1,62,200, రోజుకి 6,240. ఆవిడ బేరం 6,000. రోజుకి 240 రూపాయల దూరంలో ఉంది. ఆవిడ ఆ 6,240 అంకెని చేతి మీద పెన్నుతో రాసుకుంది.

మామూలుగా ఇక్కడ ఎవరైనా చెప్పేది బేరం పెంచమనే. పాంప్లెట్లు కొట్టించు, స్విగ్గీలో పెట్టు అని క్లాసులోనే సలహాలొచ్చాయి. బేరం పెంచే ముందు ఇంకో లెక్క చూడమన్నాను. రోజుకి 6,000 చొప్పున ఏడాదికి 18,72,000. సర్వీసులకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లిమిట్ 20 లక్షలు, వండిన కూర పొట్లం కట్టి ఇచ్చినా హోటల్ సర్వీసు కిందే చూస్తారని మేం మాట్లాడిన ఆడిటర్ చెప్పారు. రోజు బేరం 6,500 అయితే ఏడాదికి 20,28,000, గీత దాటేసినట్టే. అప్పుడు కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులకి మొత్తం బేరం మీద ఒకే శాతం కట్టే సులువు పద్ధతి) ఉంటే బేరం మీద 5 శాతం, ఏడాదికి లక్ష పైన, అదీ కస్టమర్ దగ్గర విడిగా వసూలు చేయకుండా మన మార్జిన్‌లోంచే కట్టాలి. రెగ్యులర్‌లో ఉండి 5 శాతం బిల్లు మీద వేయొచ్చు కానీ 30 రూపాయల కూర ప్యాకెట్ మీద రూపాయిన్నర టాక్స్ వేస్తానంటే హాస్టల్ కుర్రాళ్ళు పక్క కొట్టుకి పోతారు. ట్యాక్స్ కట్టకుండా తప్పించుకోమని ఎవరికీ చెప్పను, పెరిగితే కట్టాల్సిందే, కాకపోతే 6,500 దగ్గర ఆగిపోయే పెరుగుదల వల్ల లాభం లేదని, గీత దాటితే గట్టిగా దాటాలని లెక్కే చెప్పింది.

అందుకని బేరం జోలికి పోకుండా ఆ 37 పైసల మీద పడ్డాం. ఐటెమ్ వారీగా లెక్క తీయమన్నాను. బెండకాయ వేపుడు ఆవిడ కొట్లో స్టార్, అందరికంటే ముందు అయిపోతుంది. కిలో బెండకాయ 50, నూనె 30, పల్లీలు కొబ్బరి కారం 15, గ్యాస్ 10, కవర్లు 5, మొత్తం 110. వేగాక అరకిలో మిగిలితే ఎక్కువ, వంద గ్రాముల ప్యాకెట్లు అయిదు, 30 చొప్పున 150. మిగిలింది 40. టమాటా పప్పుకి కందిపప్పు పావు కిలో 35, టమాటా 15, పోపు 10, గ్యాస్ 8, కవర్లు 6, మొత్తం 74. రెండొందల గ్రాముల ప్యాకెట్లు ఆరు, 25 చొప్పున అదే 150. మిగిలింది 76. బేరం ఒకటే, మిగులు దాదాపు రెట్టింపు.

టెక్స్ట్‌బుక్ అయితే ఇక్కడ వేపుడు తగ్గించి పప్పు పెంచమంటుంది. ఆవిడ ఒప్పుకోలేదు. "వేపుడు లేదంటే కుర్రాడు కౌంటర్ దాకా రాడు మేడమ్, వేపుడు కోసం వచ్చి పప్పు, పెరుగు కూడా పట్టుకెళ్తాడు" అంది. ఆవిడ అన్నదే రైటు, ఏ వస్తువు మనిషిని కొట్లోకి లాక్కొస్తుందో దాని లాభం విడిగా చూడకూడదు, కలిపి చూడాలి. చివరికి ఆవిడే దారి కనిపెట్టింది. వేపుడు రోజూ ఉంటుంది, కానీ బెండకాయ రేటు పెరిగిన రోజు దొండకాయో బంగాళదుంపో, అన్నం పప్పు వేపుడు రసం కలిపి ఒక సెట్ రేటు. ఈ సెట్ వల్ల పప్పు బాగా కదిలింది. ఎంత మిగిలిందో నేను విడిగా కొలవలేదు కాబట్టి అంకె చెప్పను.

అసలు డబ్బు దొరికింది ఇంకో చోట. రాత్రి మిగిలిపోయిన కూర. ఆవిడ పారేయదు, పనివాళ్ళకిస్తుంది, వీధి చివర వాచ్‌మెన్‌కిస్తుంది, మిగిలింది కుక్కలకి, అందుకని దాన్ని నష్టంగా ఎప్పుడూ లెక్కేయలేదు. వారం రోజులు ఏ కూర ఎన్ని గరిటెలు మిగిలిందో, ఏ కూర ఏ టైముకి అయిపోయిందో రాయమన్నాను, రాసేది కౌంటర్ అమ్మాయి. సరుకు ఖరీదు కట్టి చూస్తే రోజుకి సగటున 400 రూపాయల కూర మిగులుతోంది. అదీ రోజూ ఒకేలా లేదు, శనివారం రాత్రి భయంకరంగా మిగులుతోంది, ఎందుకంటే హాస్టల్ పిల్లలు శనివారం సాయంత్రం బస్సెక్కి సత్తెనపల్లో నరసరావుపేటో ఊళ్ళకి వెళ్ళిపోతారు. ఈ సంగతి ఆవిడకి తెలియక కాదు, సగం ఖాళీ గిన్నెలు కౌంటర్ మీద కనపడితే జనం రారని నిండుగా వండుతోంది. చిన్న గిన్నెలు కొన్నది, అవి నిండుగానే కనపడతాయి! సాయంత్రం వంట రెండు విడతలు చేసింది, ఎనిమిదింటికి బేరం చూసుకుని రెండో విడత. రెండు నెలల్లో మిగిలిపోయేది 400 నుంచి 150కి వచ్చింది.

రోజుకి 250 అంటే వినడానికి చిన్నదే. సరుకు ఖర్చు 3,780 నుంచి 3,530కి దిగింది, మిగులు 2,470, రూపాయికి 41 పైసలు. నెలకి 64,220, అందులో 33,000 పోతే 31,220. వాళ్ళిద్దరి జీతం 27,000 పోయినా ఇంకా 4,220 కొట్టుకి మిగిలింది, రోజు బేరం ఒక్క రూపాయి పెరగకుండా. ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్ అని సిలబస్‌లో ఒక చాప్టర్ ఉంది, ఒకసారికి ఎంత సరుకు కొంటే ఖర్చు తక్కువో చెప్పే ఈఓక్యూ ఫార్ములా కూడా ఉంది అందులో, మా క్లాసులో ఆ చాప్టర్ పేరు గరిటెల లెక్క.

ఇప్పుడు అప్పు గడి. ఆవిడకి డైలీ ఫైనాన్స్ ఉంది. 20,000 రాసి చేతికి 18,000 ఇచ్చాడు, రోజుకి 200 చొప్పున వంద రోజులు, కొట్టు మూసిన రోజు కూడా. అది తీరేలోపే ఇంకోటి. ఇది ఎంత వడ్డీ అని క్లాసుని అడిగితే అందరూ పది శాతమే కదా అన్నారు. మనవాళ్ళకి శాతాల కంటే రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ బాగా తెలుసు, నూటికి నెలకి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమని ఎవరికీ చెప్పనక్కర్లేదు, అందుకని దాంట్లోనే చెప్పాను. చేతికొచ్చింది 18,000, రోజూ తీరుస్తూ పోతే చివరికి సున్నా, అంటే వంద రోజుల్లో సగటున మన దగ్గరున్న అప్పు 9,000 చుట్టూనే. దాని మీద 2,000 కట్టాం, వంద రోజులకి నూటికి 22. నెలకి ఆరున్నర రూపాయల వడ్డీ దగ్గర తేలింది. ఆరున్నర రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకుంటారా అని అడిగితే ఎవరూ చెయ్యెత్తలేదు, అప్పటికి ఆ గదిలో సగం మంది కడుతున్నది అదే.

ఫ్లాట్ వడ్డీ సంగతి కూడా ఆ రోజే చెప్పాను, అంటే అప్పు తీరుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వేసే వడ్డీ. లక్షకి 12 శాతం ఫ్లాట్, ఏడాది పాటు నెలకి 9,333 కడితే, చూడటానికి రూపాయి వడ్డీ, నిజంగా పడేది రూపాయి ఎనభై పైసల దగ్గర, అంటే ఏడాదికి 21 శాతం పైన. మొబైల్ రిపేర్ కుర్రాడు బండి ఫైనాన్స్ కాగితం తీసుకొచ్చి అక్కడే లెక్కేసుకుని తిట్టుకున్నాడు.

కర్రీ పాయింట్ ఆవిడకి డ్వాక్రా గ్రూపు లోను ఉంది కానీ అది అబ్బాయి ఫీజుకి పోయింది. చిన్న వ్యాపారులకి కేంద్రం పెట్టిన ముద్ర లోన్లలో శిశు అనే మొదటి మెట్టు కింద 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, అప్లై చేయమని నేనే చెప్పాను, వద్దంది. ఉన్న డైలీ తీరాక మళ్ళీ రాయించకుండా ఆ 200 రోజూ విడిగా ఒక డబ్బాలో వేస్తానంది. కలెక్షన్ కుర్రాడు "ఇంకో ముప్పై వేలు రాస్తా అక్కా, సంతకం ఒక్కటే" అని రోజూ అడిగేవాడంట, రోజూ అదే టైముకి అటు నుంచే వెళ్తాడు మరి. పండక్కి ఒకసారి భర్త ఆయన పేరు మీద 10,000 రాయించుకొచ్చాడు, దాని మీద ఇంట్లో పెద్ద రభస, అది తీరింది, మళ్ళీ రాయించలేదు ఇప్పటిదాకా.

కిరాణా ఆయనది వేరే రోగం. ఆయనకి లాభం ఉంది, చేతిలో డబ్బు లేదు. రోజు బేరం 9,000, సగటు మార్జిన్ 12 శాతం, అందులో 2,000 ఖాతా మీద పోతుంది. నెలాఖరుకి జనం దగ్గర 60,000 ఉంటుంది, దాని సరుకు ఖరీదు 52,800. హోల్‌సేల్ వాళ్ళు వారం గడువిస్తారు, అంటే ఆఖరి వారం సరుకు 12,320 వాళ్ళ డబ్బు, మిగతా 40,000 చిల్లర ఈయన జేబులోది. జేబులో లేదు కాబట్టి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టాడు. వర్కింగ్ క్యాపిటల్ అంటే ఇదే అని చెప్తే, "ఓహో, మా నాన్న దీన్ని రొటేషన్ అనేవాడు" అన్నాడు. అంతకంటే దెబ్బ పాత పద్దులు. ఊరొదిలి పోయినవాళ్ళవి, మొహం చాటేసినవాళ్ళవి కలిపి 45,000 రావాలి. అందులో సరుకు ఖరీదు 39,600, అది పూడాలంటే 12 శాతం మార్జిన్ మీద 3,30,000 సరుకు అమ్మాలి, అంటే 37 రోజులు ఊరికే కొట్టు తీసి కూర్చున్నట్టు. ఈ లెక్క ఆయనకి బాగా తగిలింది. అయినా ఖాతా ఆపలేదు, ఆపితే జనం మార్ట్‌కి పోతారన్నాడు, ఆయన కొట్టుకి ఉన్న బలమే అది, కాదనలేం. రెండు నెలల బాకీ ఉన్నవాళ్ళకి కొత్తగా రాయడం మాత్రం మానేశాడు. చుట్టాలకి ఆ రూలు వర్తించట్లేదని మాకందరికీ తెలుసు.

రిటైర్డ్ ఆయన 12 లక్షలు పెట్టి టీ ఫ్రాంచైజీ తీసుకుందామని వచ్చాడు. కప్పు 15, పాలు పొడి చక్కెర పోగా 8 మిగులుతుంది, అద్దె జీతాలు కరెంటు 55,000, ఆ 12 లక్షలు బ్యాంకులో 7 శాతానికి వేసుకున్నా నెలకి 7,000 వస్తుంది కాబట్టి అది కూడా ఖర్చే. 62,000ని 8తో భాగిస్తే 7,750 కప్పులు, రోజుకి 258, ఇది ఆయన జీతం కలపకుండా. అలాంటి షాపు ఎదురుగా బస్టాప్‌లో కూర్చుని రెండు సాయంత్రాలు కప్పులు లెక్కపెట్టుకొచ్చి, వద్దులెండి అన్నాడు. ట్రస్టు రిపోర్టులో వ్యాపారం మొదలెట్టినవాళ్ళ సంఖ్య అడుగుతారు, మానుకున్నవాళ్ళకి గడి లేదు, నా లెక్కలో మాత్రం ఆ బ్యాచ్‌లో అందరికంటే ఎక్కువ డబ్బు మిగిలింది ఆయనకే.

ఎక్కనివి కూడా ఉన్నాయి. బ్యాలెన్స్ షీట్ ఎవరికీ పట్టలేదు, ఆస్తి అప్పు రెండు వైపులా సమానం ఎందుకవ్వాలో రెండు క్లాసులు చెప్పినా అది సర్టిఫికెట్ కోసం రాసిన పరీక్షలోనే మిగిలిపోయింది. మగ్గం వర్క్ ఆవిడ నెల తర్వాత రావడం మానేసింది, శ్రావణ మాసం ఆర్డర్లు, నిజానికి ఆవిడకే ధర కట్టే పాఠం ఎక్కువ అవసరం, వర్కర్లకి రోజు కూలీ ఇస్తూ పీసు లెక్కన బేరం ఒప్పుకుంటోంది. నోట్‌బుక్ రాయడం కోర్సు అయ్యాక సగం మందికి పైగా ఆపేశారు. ఆపనివాళ్ళని చూస్తే ఒకటి కనపడుతోంది, వాళ్ళందరిళ్ళలో రాసేది ఓనర్ కాదు, కౌంటర్ అమ్మాయో కూతురో కోడలో. అందుకే తర్వాతి బ్యాచ్‌కి ఒక్కో కొట్టు నుంచి ఇద్దరు రావాలని పెట్టాం, గరిటెల లెక్క రెండో వారానికి జరిపాం, ఫయోల్ గారిని ఆఖరి వారానికి పంపాం.

కర్రీ పాయింట్ ఆవిడ ఇప్పుడు పొద్దున టిఫిన్ కూడా పెడదామా అని అడుగుతోంది. అద్దె అదే, మనిషి ఒకరు అదనం, గ్యాస్ అదనం, బేరం ఖాయంగా 20 లక్షలు దాటుతుంది కాబట్టి జీఎస్టీ కూడా షీట్‌లో వేసుకుంది, ఈసారి ఇద్దరి జీతం మొదటి లైన్‌లోనే రాసింది. ఇడ్లీ రేటు దగ్గర ఆగింది. పక్క వీధిలో ప్లేటు 30కి ఇస్తున్నారు, ఆవిడ లెక్కలో 36 వస్తేగానీ కిట్టదు. మైసూర్ బజ్జీ లెక్క వేసుకుని వచ్చే వారం వస్తానంది.